మాదన్న లెక్క, గోపన్న బకాయి

ఇల్లందులో భద్రాచలం బస్సు ఎక్కితే టేకులపల్లి, కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక దగ్గర గోదావరి వంతెన మీదికి వస్తాం. దారిలో తగిలే పాల్వంచ పేరు మీద ఒకప్పుడు ఒక పరగణా (కొన్ని ఊళ్లను కలిపిన శిస్తు విభాగం) ఉండేది. దానికి తహసీల్దారుగా వచ్చినవాడు నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న. వసూలు చేసిన సొమ్ముతో భద్రాద్రి రాముడికి గుడి కట్టించాడు, గోల్కొండ చెరసాలలో పడ్డాడు, భక్త రామదాసు అయ్యాడు. ఈ కథ ఇక్కడి బడి పిల్లలకు కూడా తెలుసు.

గోపన్నకు ఆ ఉద్యోగం ఎవరిప్పించారని అడగండి. మేనమామలు అక్కన్న మాదన్నలు అని జవాబు వస్తుంది. కథ అక్కడితో మేనమామలను వదిలేసి మేనల్లుడి వెంట వెళ్లిపోతుంది. మాదన్న ఎవరు, గోల్కొండలో ఆయన చేసిన పనేమిటి, ఆయనను ఎందుకు చంపారు అన్నది చాలామందికి తెలియదు. ఈ వ్యాసం ఆ మేనమామ గురించి.

ఇప్పుడెందుకంటే, పాతకాలపు మంత్రుల మీద ప్రపంచమంతటా జనానికి కొత్తగా ఆసక్తి పుడుతోంది. దీనికి పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్‌లో ఉంది. యూరప్‌లో పునరుజ్జీవన కాలం (చదువు, కళలు, రాజ్యతంత్రం కొత్త దారి పట్టిన 15, 16 శతాబ్దాలు) నడుస్తుండగా ఎనిమిదో హెన్రీ రాజు కొలువులో ఇద్దరు థామస్‌లు పనిచేశారు. మొదటివాడు థామస్ మోర్. రాజు కోరిన ప్రమాణం చెయ్యనన్నాడు. 1535లో తల తీయించారు. కాథలిక్ చర్చి 1935లో ఆయనను పునీతుడిగా ప్రకటించింది. 2000లో పోప్ రెండో జాన్ పాల్ ఆయనను రాజకీయ నాయకులకు రక్షక పునీతుడిని చేశాడు. రెండోవాడు థామస్ క్రామ్‌వెల్. కమ్మరి కొడుకు. చట్టం తెలిసి, లెక్క తెలిసి, ఖజానా చేతికి తెచ్చుకుని పైకి వచ్చాడు. 1540లో ఆయన తల కూడా తెగింది.

మోర్ ధర్మమూర్తి, క్రామ్‌వెల్ కుట్రదారు అన్న మాట చాలాకాలం చెలామణి అయింది. 1960లో రాబర్ట్ బోల్ట్ రాసిన నాటకం, 1966లో దాని మీద వచ్చిన సినిమా ఆ మాటను ఇంకా గట్టి చేశాయి. 2009లో హిలరీ మాంటెల్ నవల ‘వుల్ఫ్ హాల్’ అదే కాలాన్ని క్రామ్‌వెల్ పక్కన నిలబడి చెప్పింది. బుకర్ బహుమతి వచ్చింది, టీవీ సీరియల్ వచ్చింది. పాఠకులు క్రామ్‌వెల్ వైపు తిరిగారు. ఇందుకు కొత్త పత్రాలేవో బయటపడ్డాయని కాదు. చెప్పే మనిషి నిలబడ్డ చోటు మారింది, అంతే.

మనకూ అలాంటి జంట ఒకటి ఉంది. కాలం వేరు, నూటయాభై ఏళ్లు తర్వాతిది. బంధుత్వమూ ఉంది. మేనల్లుడు పునీతుడయ్యాడు, మేనమామ మంత్రిగానే మిగిలాడు. రామదాసు కథను రాజుకూ దేవుడికీ భక్తుడికీ నడుమ జరిగినదిగా వింటున్నాం. దాన్ని ఒక్కసారి శిస్తు వసూలు కథగా విని చూడండి. అంచున నిలబడ్డ మాదన్న నడుమకు వస్తాడు. అలా వినాలంటే ముందు గోల్కొండకు డబ్బు ఎలా వచ్చేదో తెలియాలి.

కుతుబ్‌షాహీలు 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలారు. వజ్రాల గనులు, మచిలీపట్నం రేవు, అక్కడి నుంచి ఓడలెక్కే అద్దకం బట్టలు ఈ రాజ్యానికి ప్రపంచమంతటా పేరు తెచ్చాయి. అయినా ఖజానాకు ఆధారం మాత్రం పొలం. రాజుగారి కొలువులో పర్షియన్ భాష, ఊళ్లో కరణం చేతిలో తెలుగు లెక్క. పైనుంచి వచ్చే ఉత్తర్వు కిందివాళ్లకు అర్థం కావాలి, కింది లెక్క పైవాళ్లకు తెలియాలి. అందుకే కుతుబ్‌షాహీ ఫర్మానాల్లో (రాజాజ్ఞలు) కొన్నింటి మీద పర్షియన్ పాఠంతోపాటు తెలుగు పాఠం కూడా కనిపిస్తుంది. ఈ రెండు భాషలూ, రెండు రకాల లెక్కలూ వచ్చిన మనుషులే ఆ రాజ్యానికి నరాలు. వాళ్లలో ఎక్కువమంది నియోగులు (పౌరోహిత్యం కాక ఉద్యోగం వృత్తిగా ఉన్న బ్రాహ్మణులు). సేనాపతులు మారేవారు, రాజులు మారేవారు. లెక్క రాసే ఇళ్లు అంత తొందరగా మారేవి కావు.

వసూలు జరిగే పద్ధతిని ఇజారా (శిస్తు వసూలు హక్కును గుత్తకు ఇవ్వడం) అనేవారు. ఒక పరగణా ఈ ఏడు ఎంత ఇస్తుందో రాజ్యం ముందే ఊహించి, ఎవరు ఎక్కువ పాడితే వారికి ఇచ్చేది. ఉదాహరణకు ఒకాయన పదివేల హొన్నులకు (హొన్ను అంటే బంగారు నాణెం, వరహా అన్నా అదే) పాడాడనుకుందాం. ఆ పదివేలు ఆయన రాజ్యానికి బాకీ. వాన పడినా పడకపోయినా బాకీయే. పన్నెండువేలు వసూలైతే రెండువేలు ఆయనవి. ఎనిమిదివేలే వస్తే మిగతా రెండువేలు ఆయనే ఎక్కడినుంచైనా తేవాలి. ఆయన కూడా మొత్తం పరగణాను తానే తిరగడు. ముక్కలు చేసి కిందివాళ్లకు గుత్తకిస్తాడు. వాళ్లు ఇంకా కిందికి. చిట్టచివర రైతు.

ఈ పద్ధతిలో రాజ్యానికి ఒక సౌకర్యం ఉంది. ఏటా ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. ఖర్చుతో పెద్ద సిబ్బందిని పెట్టుకోనక్కర్లేదు. నష్టం ఎక్కడంటే, పాడినవాడి చూపు ఆ ఏడాది దాటి పోదు. చెరువు కట్ట తెగితే పోసుకోవడం ఎందుకు, వచ్చే ఏడు ఈ పరగణా ఎవరిదో అనుకుంటాడు. రైతు పారిపోతే పక్క ఊరి రైతు మీద వేస్తాడు.

బకాయి పడ్డవాడి గతేమిటి? 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఇంగ్లిష్ కంపెనీ వ్యాపారం చూసిన విలియం మెత్‌వోల్డ్ తాను విన్నదీ కన్నదీ రాసిపెట్టాడు. ఆ రేవు పట్టణాన్ని గుత్తకు తీసుకున్న ఒక బ్రాహ్మణ అధికారి పాడిన సొమ్ము పూర్తిగా కట్టలేకపోయాడు. వీపు మీద, అరికాళ్ల మీద, కడుపు మీద బెత్తాలతో కొట్టారు. చచ్చిపోయేదాకా కొట్టారు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే రామదాసు కథలో చెరసాల వింతగా అనిపించదు. ఒక రాజు మత ద్వేషంతో కనిపెట్టిన శిక్ష కాదది. సొంత మతంవాడైనా, పరమతంవాడైనా బకాయిదారుకు ఆ రాజ్యంలో జరిగే మామూలు మర్యాదే.

ఇక మాదన్న. హనుమకొండ బ్రాహ్మణ కుటుంబం. సోదరులు మాదన్న, అక్కన్న లెక్కల కొలువులో చేరి మెల్లగా పైకి వచ్చారు. 1672లో అబ్దుల్లా కుతుబ్‌షా చనిపోయాడు. కొడుకులు లేరు. అల్లుళ్ల మధ్య పోటీ వచ్చింది. ముజఫర్ అనే సయ్యద్ ప్రముఖుడు చిన్నల్లుడు అబుల్ హసన్ పక్షాన నిలిచి గద్దె ఎక్కించాడు. మనం తానీషా అని పిలుచుకునేది ఈ అబుల్ హసన్‌నే. గద్దె ఎక్కించినవాడు అధికారం తానే చలాయించబోయాడు. రాజుకు ఊపిరాడలేదు. ముజఫర్ దగ్గర పత్రాలు, లెక్కలు చూస్తున్నది మాదన్నే. ఎవరికి ఎంత ముట్టిందో, ఏ సైన్యాధికారికి ఏ జీతం బాకీ ఉందో తెలిసిన మనిషి. తానీషా ఆయనను తనవైపు తిప్పుకున్నాడు. ముజఫర్ మనుషులు ఒక్కొక్కరే జారిపోయారు. 1674 నాటికి మాదన్న ప్రధాన మంత్రి. సూర్యప్రకాశరావు అన్న బిరుదూ ఇచ్చారు. కత్తి దూయకుండా జరిగిన అధికార మార్పిడి ఇది. ఖజానా పుస్తకం ఎవరి చేతిలో ఉంటే కొలువు వాళ్లదని తానీషా సరిగ్గానే పట్టుకున్నాడు.

తర్వాత పదకొండేళ్లు గోల్కొండను నిజానికి నడిపింది మాదన్న. ఆయన ఎదుట మూడు చిక్కులున్నాయి. మొదటిది మొగలులకు కట్టే పేష్‌కష్ (కప్పం). 1636లో అబ్దుల్లా, షాజహాన్‌కు లొంగుబాటు పత్రం రాసిచ్చాడు. ఏటా రెండు లక్షల హొన్నులు కట్టాలి. కట్టకపోతే దండు వస్తుంది. కడితే ఖజానా అరుగుతుంది. రెండోది కొలువులోని వర్గాలు. ఇరాన్ వైపు నుంచి వచ్చిన ప్రభువులు ఒక జట్టు, ఇక్కడ పుట్టి పెరిగిన దక్కనీలు ఒక జట్టు. వాళ్లకు లెక్క రాసే గుమాస్తా వాళ్లకే పై అధికారి అయ్యాడు. ఎవరికీ మింగుడుపడని సంగతి. మూడోది తీరం. మచిలీపట్నం, మద్రాసు వైపు డచ్చివారు, ఇంగ్లిష్‌వారు కోటలు కట్టుకుని కూర్చున్నారు.

మాదన్న పట్టిన మొదటి మార్గం మనకు బాగా తెలిసినదే. నమ్మకమైన చోట్ల సొంతవాళ్లను పెట్టుకోవడం. సోదరుడు అక్కన్నకు పెద్ద పదవులు దక్కాయి. రుస్తుంరావు అన్న బిరుదున్న మేనల్లుడు సైన్యంలో ఎదిగాడు. బంధువర్గంలోని పొదిలి లింగన్న పూందమల్లి పాలకుడయ్యాడు. మద్రాసు ఇంగ్లిష్ కంపెనీ రికార్డుల్లో ‘లింగప్ప’గా కనిపించేది ఈయనే. 1672 ఒప్పందం ప్రకారం కంపెనీ మద్రాసుకు ఏటా 1,200 వరహాల అద్దె కట్టేది. ఇది చాలదు, ఇంకా రావాలని లింగన్న పట్టుపట్టాడు. కోటకు సరుకులు పోకుండా దారులు మూయించాడు. తెల్లవాళ్లు ఆయనను తిట్టిపోస్తూ రాసిన ఉత్తరాలు మిగిలాయి. చదువుతుంటే ఒకటి తోస్తుంది. వ్యాపారులు అంతగా తిట్టిన వసూలుదారు రాజ్యానికి పనికొచ్చే మనిషే అయ్యుండాలి.

సొంతవాళ్లను నింపడం తప్పా ఒప్పా? నా అభిప్రాయం చెబుతాను. ఆ కాలపు రాజ్యాల్లో బంధుత్వాన్ని మించిన హామీ పత్రం లేదు. ఇరానీ ప్రభువులు చేసిందీ అదే. కానీ దానివల్ల వచ్చిన ముప్పు కూడా నిజం. అన్ని తాళాలూ ఒకే ఇంట్లో ఉంటే, రాజ్యం మీద కోపం వచ్చిన ప్రతివాడూ ఆ ఇంటి మీదికే వస్తాడు. 1686లో జరిగింది అదే.

రెండో మార్గం మొగలులకు అడ్డుగా దక్షిణాదిని కూడగట్టడం. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చాడు. నెలరోజుల పాటు నగరంలో ఉన్నాడు. తానీషా ఆయనకు మర్యాదలు చేశాడు. మాటలన్నీ నడిపింది మాదన్న. శివాజీ కర్ణాటక దండయాత్రకు (తమిళనాడు వైపు జరిగిన దాడి) గోల్కొండ డబ్బు, ఫిరంగులు ఇస్తుంది. గెలిచిన ప్రాంతంలో గోల్కొండకు వాటా దక్కుతుంది. శివాజీ మొగలులకు ఎదురుగా గోడలా నిలబడతాడు. శివాజీ దండు శ్రీశైలం మీదుగా దక్షిణానికి సాగింది. జింజి కోట పడిపోయింది. వాటా మాత్రం రాలేదు. పెట్టుబడి గోల్కొండది, కోటలు మరాఠాలవి. చరిత్ర పుస్తకాలు ఈ ఒప్పందాన్ని మాదన్న దూరదృష్టికి గుర్తుగా చెబుతాయి. ఆలోచన మంచిదే. లెక్క మాత్రం తప్పింది. ఇంకో నష్టం కూడా జరిగింది. శివాజీకి సాయం చేశారన్న మాట ఔరంగజేబు ఫిర్యాదుల జాబితాలో పైన చేరింది.

ఇప్పుడు మళ్లీ పాల్వంచకు వద్దాం. ఈ అడవి పరగణా మెత్‌వోల్డ్ చూసిన రేవులాంటిది కాదు. కోయ గూడేలు, కొండలు, గోదావరి గట్టు. పెద్ద మాగాణి లేదు. ఇప్పుడు మనం బొగ్గుట్ట అని పిలుచుకునే ఇల్లందు నేల కింది బొగ్గు సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. డాక్టర్ విలియం కింగ్ దాన్ని గుర్తించింది 1870ల మొదట్లో. గోపన్న కాలానికి ఇక్కడ దొరికేది పైరు మీద శిస్తు, దారి సుంకం. భద్రగిరి మీద దమ్మక్క అనే భక్తురాలు పాకలో దేవుళ్లను కొలుస్తోందని, గోపన్న అది చూసి గుడి కట్టించాడని కథ. ఖర్చు ఆరు లక్షల వరహాలని వాడుక. మొగలులకు ఏటా కట్టే కప్పానికి మూడింతలు. ఒక అడవి పరగణా నుంచి అంత సొమ్ము రావడం కష్టం. కాబట్టి ఆరు లక్షలు భక్తులు చెప్పుకునే సంఖ్య అని అనుకోవడం మేలు. బకాయి పడ్డాడన్నది మాత్రం నమ్మదగిన సంగతే.

ఎందుకంటే ఆయన కీర్తనల్లో ఒకటి అచ్చంగా జమాఖర్చుల చిట్టాలా ఉంటుంది. ‘ఇక్ష్వాకు కులతిలక’ విన్నవాళ్లకు తెలుసు. భరతుడికి ఏ పతకం చేయించాడో, శత్రుఘ్నుడికి ఏ నగో, లక్ష్మణుడికి ఏదో, సీతమ్మకు ఏదో వరసగా చెప్పి, ఒక్కోదానికి పదివేల చొప్పున ఎంతెంత పట్టిందో కూడా చెబుతాడు. చివరికి దేవుడిని నిలదీస్తాడు. భక్తి పాటల్లో ధర వేసి పాడినవి నాకు ఇంకెక్కడా కనబడలేదు. రాసినవాడు కవి కాకముందు తహసీల్దారు. ఏ పద్దు కింద ఎంత ఖర్చు పెట్టాడో చెప్పుకోలేనివాడు ఆ కొలువులో ఉండలేడు. చింతాకు పతకం లాంటి ఆయన పేరున్న నగలు ఇప్పటికీ భద్రాచలంలో ఉన్నాయి. కల్యాణం రోజున దేవుళ్లకు అలంకరిస్తారు. కథలో ముగింపు కూడా ఖజానా పద్ధతిలోనే జరుగుతుంది చూడండి. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో రాత్రివేళ వచ్చి మాడలు చెల్లించి ఊరుకోలేదు. తానీషా దగ్గర రసీదు పుచ్చుకున్నారు.

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న మిగులుతుంది. గోపన్న పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని వాడుక. తానీషా ఏలింది మొత్తం పదిహేనేళ్లు. అందులో పదకొండేళ్లు మాదన్నే ప్రధాన మంత్రి. తానీషాయే చెరలో పెట్టించాడన్న కథ నిజమైతే, ఆ పన్నెండేళ్లలో ఎక్కువ భాగం సొంత మేనమామ అధికారంలో ఉండగా గడిచింది. ఉద్యోగం ఇప్పించినవాడు విడిపించలేకపోయాడా? చెర అబ్దుల్లా కాలంలోనే మొదలై ఉండవచ్చని కొందరు ముందుకు జరిపారు. అప్పుడు గోపన్నకు ఉద్యోగం ఇప్పించే స్థితిలో మాదన్న ఉన్నాడా అన్న చిక్కు వస్తుంది. సినిమాలు ఈ ముడిని విప్పవు. వాటికి అక్కర్లేదు కూడా.

తానీషా కాలమే అనుకుంటే, ఇజారా లెక్కలో దీనికి ఒక జవాబు ఉంది. బకాయి మాఫీ అంటే ఒక్క మనిషికి చేసే దయ కాదు. ప్రధాన మంత్రి తన మేనల్లుడి బకాయి కొట్టేస్తే, మర్నాడు ప్రతి ఇజారాదారూ తన బకాయి పట్టుకుని దర్బారు ముందు నిలబడతాడు. ఇరానీ ప్రభువులు రాజు చెవిలో చెప్పడానికి అంతకంటే మంచి మాట దొరకదు. మాదన్న బలమంతా లెక్క సరిగ్గా ఉంటుందన్న నమ్మకం మీద నిలిచింది. ఆ నమ్మకాన్ని మేనల్లుడి కోసం ఖర్చు పెడితే మిగతా మేనల్లుళ్లకూ ముప్పే. ఇది ఊహే, పత్రం లేదు. కానీ చేతగాని మేనమామ, రాతిగుండె మేనమామ అన్న రెండు బొమ్మల కంటే ఇది ఆ కొలువుకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది.

ఇక అంతం. 1685లో ఔరంగజేబు బీజాపూర్‌ను ముట్టడించాడు. గోల్కొండ బీజాపూర్‌కు సాయం పంపబోతోందని తెలిసి కొడుకు షా ఆలంను హైదరాబాదు మీదికి పంపాడు. గోల్కొండ సేనాపతి మహమ్మద్ ఇబ్రహీం శత్రువు వైపు వెళ్లిపోయాడు. తానీషా నగరం వదిలి గోల్కొండ కోటలోకి పోయాడు. హైదరాబాదును దోచుకున్నారు. సంధి షరతుల్లో పెద్ద మొత్తం డబ్బు ఉంది, కొంత ప్రాంతం ఉంది, అక్కన్న మాదన్నలను తొలగించాలన్నదీ ఉంది. తానీషా డబ్బుకు ఒప్పుకున్నాడు. మంత్రుల విషయం సాగదీశాడు. 1686 మార్చిలో ఒక రాత్రి దర్బారు నుంచి ఇంటికి వెళ్తుండగా కోట వీధిలోనే మాదన్నను నరికి చంపారు. అక్కన్న, రుస్తుంరావు కూడా మిగల్లేదు. ఇళ్లు దోచుకున్నారు. మాదన్న తలను మొగలుల దగ్గరికి పంపారు. అంతఃపుర స్త్రీలు, కొందరు ప్రభువులు కలిసి చేయించారని ఆనాటి రచనలు చెబుతాయి. రాజుకు ముందే తెలుసా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు.

ఇంతా చేసి దక్కిందేమీ లేదు. 1687 మొదట్లో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను చుట్టుముట్టాడు. ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబరులో, లోపలివాళ్లు తలుపు తీయగా కోట పడింది. తానీషా దౌలతాబాద్ కోటలో బందీగా మిగతా జీవితం గడిపాడు.

మాదన్న స్వయంగా రాసినదేదీ ప్రచారంలో లేదు. ఆయన గురించి రాసినవాళ్లంతా ఏదో ఒక పక్షం వాళ్లే. మొగల్ కాలపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్‌కు ఆయన రాజ్యాన్ని పాడుచేసిన మనిషి. డచ్ కంపెనీ ఉద్యోగి దానియెల్ హావార్ట్ గోల్కొండలో ఉండి చూసి, 1693లో కోరమాండల్ తీరం ఎదుగుదల, పతనం గురించి పుస్తకం వేశాడు. అందులో సోదరుల కథ వివరంగా ఉంది, కానీ ఆయన చూపు కంపెనీ గుమాస్తా చూపే. ఇంగ్లిష్‌వారికి ఆయన వసూలు కోసం పీడించే పరగణాదారుల పెద్ద. 1974లో హరూన్ ఖాన్ షేర్వానీ కుతుబ్‌షాహీల చరిత్ర రాస్తూ వాళ్ల పాలనను హిందూ ముస్లింల ఉమ్మడి రాజ్యంగా చూశారు. 2002లో డచ్ పరిశోధకుడు ఖైస్ క్రౌట్జర్ అదే ఘట్టాన్ని వర్గాల మధ్య పెరిగిన వైరంగా, ఒక బ్రాహ్మణ విప్లవంగా చర్చించాడు. ఒకే మనిషిలో ఒకరికి సామరస్యం కనిపించింది, ఒకరికి వైరం కనిపించింది. నన్నడిగితే రెండూ కొంతవరకు నిజమే. మాదన్నను పెంచింది ముస్లిం రాజు. కూలదోసింది మతం ఒక్కటే కాదు. పదవులు పోయినవాళ్ల కడుపుమంట, ఓడిన సైన్యం, కట్టని కప్పం అన్నీ కలిశాయి. ఈ రోజు సభల్లో మాదన్న పేరు ఎత్తేవాళ్లు ఇందులో తమకు కావలసిన ముక్కే తీసుకుంటారు.

జనం జ్ఞాపకంలో ఆయన ఎలా మిగిలాడన్నది వేరే కథ. హైదరాబాదు పాతబస్తీ హరిబౌలిలో అక్కన్న మాదన్న మహంకాళి గుడి ఉంది. బోనాలప్పుడు అక్కడి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగిస్తారు. 2014లో బోనాలు రాష్ట్ర పండగ అయ్యాక ఆ ఊరేగింపును టీవీల్లో రాష్ట్రమంతా చూస్తోంది. విజయవాడలో ఇంద్రకీలాద్రి కింద అక్కన్న మాదన్న గుహలున్నాయి. అవి ఆ సోదరుల కంటే దాదాపు వెయ్యేళ్లు పాతవి. అమ్మవారి దర్శనానికి వచ్చినప్పుడు వాళ్లు అక్కడ కచేరీ పెట్టేవారన్న కథ వల్ల పేరు అతుక్కుంది. మనుషులు చేసిన పని మరిచిపోయి, చేయనిదాని మీద పేరు రాసే అలవాటు మనకు కొత్త కాదు.

మేనల్లుడి వాటా మాత్రం పెరుగుతూనే ఉంది. నాగయ్య 1964లో ‘రామదాసు’ తీశారు. 2006లో కె.రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’లో నాగార్జున గోపన్న అయ్యాడు. మేనమామలు వాటిలో పక్క పాత్రలే. ఖమ్మంలో భక్త రామదాసు కళాక్షేత్రం, నేలకొండపల్లిలో ధ్యాన మందిరం, 2017 జనవరిలో పాలేరు ప్రాంతపు మెట్ట పొలాలకు నీళ్లెత్తిన భక్త రామదాసు ఎత్తిపోతల పథకం. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇల్లందు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. అంటే మన చిరునామాలో కూడా ఆయన గుడి పేరే. శ్రీరామనవమికి తానీషా ముత్యాల తలంబ్రాలు పంపేవాడన్న ఆనవాయితీని ప్రభుత్వం కొనసాగిస్తోంది. ఇటీవల ఆర్టీసీ కార్గో ఆ తలంబ్రాలను అడిగినవారి ఇంటికే చేరుస్తోంది. రాజు పేరు అలా ఒక పొట్లంలో మిగిలింది. మంత్రి పేరు అందులో లేదు.

ఇక వసూలు తగవు. అది గోల్కొండతో పోలేదు. 1860లో నిజాం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్‌వారికి ఇచ్చేశాడు. భద్రాచలం వాళ్ల వైపు పోయింది, పాల్వంచ నిజాం వైపు ఉండిపోయింది. గోపన్న పరగణాకు నడుమ నది సరిహద్దు అయింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి జిల్లా నుంచి ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, చుట్టుపక్కల ఊళ్లు అటు వెళ్లాయి. రామాలయానికి దాదాపు 900 ఎకరాల భూమి పురుషోత్తపట్నంలో ఉంది. ఆ ఊరు ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక మండలంలోది. గుడి ఒక రాష్ట్రంలో, పొలం ఇంకో రాష్ట్రంలో. ఆ భూముల్లో ఆక్రమణలున్నాయని దేవస్థానం సిబ్బంది వెళ్లడం, అక్కడివాళ్లు అడ్డుకోవడం కొన్నేళ్లుగా నడుస్తోంది. ఫిర్యాదు ఇక్కడి దేవాదాయ శాఖ రాస్తుంది, భూమి రికార్డు అక్కడి తహసీల్దారు దగ్గర ఉంటుంది.